ఇరవై ఎనిమిది కిలోమీటర్లు

శనివారం మూడింటికే
మందుల షాపు షట్టరు దించేశాను.
"ఎవరు పోయారు?" అన్నాడు పక్క కొట్టాయన.
మా పర్లాకిమిడిలో
చావుకో పెళ్ళికో తప్ప పగలు షట్టర్లు దిగవు.

దండాసి సైకిలు వెనక యూరియా సంచి,
అందులో టార్పాలిను, రెండు దుప్పట్లు,
కేరియరులో చద్దన్నం, కాల్చిన ఎండుచేప.
పాత ట్యూబు ముక్కలతో బిగించి కట్టిన కాపురం.
నాది మేనల్లుడి దగ్గర ఎరువు తెచ్చుకున్న గేర్ల సైకిలు.
ఏ గేరు ఎప్పుడెయ్యాలో
కొండ మొదలయ్యేదాకా తెలీలేదు,
మొదలయ్యాకా తెలీలేదు.

"ఎంత దూరంరా?"
"ఎంతో లేదురా. అదిగో, ఆ కొండమీదికే."
నలభై మూడేళ్ళుగా మా మేడమీద
బట్టలారేస్తే వాటి వెనక కనబడే కొండ.
అక్కణ్ణించి మా మేడ ఎలా ఉంటుందని
ఒక్కసారీ అనుకోలేదు.

మహేంద్రతనయలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ.
ఏటి మధ్యన ఒక లారీ
తీరుబడిగా స్నానం చేస్తోంది.
జీడితోటలు దాటేసరికి చొక్కాల నిండా పూత వాసన.
మూడో మలుపులో సైకిళ్ళు దిగాం.
నాలుగో మలుపులో మాటలు మానేశాం.

అంత పైన, ఒడిశా కొండ నడుమ,
నా ఫోను కిర్రుమంది: ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం.
దండాసి తన ఫోను తీసి చూసుకున్నాడు.
"నన్ను రమ్మన్లేదురా ఎవరూ" అన్నాడు.

బోరింగు దగ్గర ఒక సవర ముసలాయన
"కువాడే జిబ?" అని అడిగాడు.
ఎక్కడికీ కాదు అనడానికి
ఒడియాలో మాట వెతుక్కున్నాం.
పడుకోడానికొచ్చాం అన్నాడు దండాసి.
"మీకు ఇళ్ళు లేవా?"
వెక్కిరింపు కాదు, నిజంగానే జాలి.
బడి వరండా చూపించి
మనవరాలి చేత కాల్చిన చిలగడదుంపలు పంపించాడు.

వరండా గోడమీద గుండ్రటి అక్షరాల ఎక్కాలు,
పదమూడో ఎక్కం దగ్గర పెచ్చు ఊడిపోయింది.
ఎదర కొండకి పోడు మంట.
ఎవరో చీకటికి అంచు కుడుతున్నట్టు
కుట్టుకీ కుట్టుకీ ఆగుతూ.
కింద మా ఊరి దీపాలు.
మా ఇల్లు అదీ అని నేను చూపిస్తే
అది పెట్రోలు బంకురా అన్నాడు.
అంతలో ఇంట్లోంచి ఫోను. ఎక్కడున్నారు?
మేడెక్కి చూడు, అన్నాను. ఎక్కింది.
టార్చి ఊపాను, చెయ్యి నెప్పెట్టేదాకా.
"ఏమీ కనబళ్ళేదు గానీ
బట్టలు తియ్యడం మర్చిపోయాను,
మంచివేళ ఎక్కించారు" అంది.

ఫ్లాస్కులో టీ రెండు గ్లాసుల్లో పోశాడు.
ఫ్లాస్కు మూతి గ్లాసుకి తగిలి
టకటకటకా.
నేను చూశాను. చూశానని అతను చూశాడు.
కొమ్ముతో కొంగల్ని చెక్కే చెయ్యి అది.
కొంగ కాలు అగ్గిపుల్లకన్నా సన్నం.
"దసరా నించిరా" అన్నాడు.
"రెండు కొంగలకి కాళ్ళు ఇరిగిపోనాయి.
మూడోదాన్ని కూకోబెట్టీసినాను."

మందులమ్మేవాణ్ణి. తెలిసిన బిళ్ళల పేర్లన్నీ
వరసకట్టి నాలుక మీదికొచ్చాయి.
ఒక్కటీ చెప్పలేదు.
ఎండుచేప తోక ఎవరిదని
చాలాసేపు దెబ్బలాడుకున్నాం.

నాలుగు గంటలు ఎక్కింది
తెల్లారి నలభై నిమిషాల్లో దిగిపోయింది.
ముందు అతను, రెండు చేతులూ బ్రేకులమీద.
రాళ్ళు తేలిన రోడ్డు.
హేండిలు, మడ్‌గార్డు, సంచి, భుజాలు,
అన్నీ వణుకుతున్నాయి.
ఏ వణుకు రోడ్డుదో, ఏది చేతిదో
వెనకనించి పోల్చలేకపోయాను.
అతనికీ తెలిసినట్టు లేదు.
ఎనిమిదో తరగతిలో పెట్టిన కేకలే
పెడుతూ పోతున్నాడు.

తొమ్మిదింటికి షట్టరు ఎత్తాను, తొడలు రెండూ నావి కావు.
"ఇంతకీ ఎవరు పోయారో చెప్పావు కాదు."
"ఎవరూ లేదు. మేమే పోయొచ్చాం."

గాలిపంపు దండాసి సంచిలో ఉండిపోయింది.
ఉండనీ.